చర్చ: ఇద్దరు చిన్నపిల్లలతో మూడేళ్లు అండమాన్ వెళ్లాలా, నేను హనుమకొండలోనే ఉండిపోవాలా?

హనుమకొండ_అమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఆయన సివిల్ ఇంజనీరు. కంపెనీ వాళ్లు మూడేళ్లకి పోర్ట్ బ్లెయిర్ సైట్‌కి వేశారు (2024లో పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా ఇంట్లో ఎవరి నోటికీ అది రావట్లేదు). బాబుకి నాలుగేళ్లు, పాపకి పద్నాలుగు నెలలు. ఉండటానికి క్వార్టర్ ఇస్తారట. మేము సుబేదారిలో అత్తమ్మ, మామయ్యలతో కలిసి ఉంటాం. వాళ్లేమో "వాడు పోయి రానీ, నువ్వూ పిల్లలూ ఇక్కడే ఉండండి" అంటున్నారు. ఈయనేమో "పోతే అందరం పోదాం, లేకపోతే రాజీనామా పెడతా" అంటాడు. అది ఉత్త బెదిరింపే, నెత్తిన ఇంటి లోను ఉంది.

చిన్నపిల్లలతో అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాలుగు రోజులు టూర్ వెళ్లొచ్చినవాళ్లు బీచ్ ఫొటోలు పెట్టకండి, దండం పెడతా.

ఎనుమాముల_పెద్దన్న | సోమవారం, రాత్రి 9:58

బిడ్డా, ఒక్కటే అడుగుతా. అక్కడ బర్రెపాలు దొరుకుతాయా?

కాజీపేట_జంక్షన్ | సోమవారం, రాత్రి 10:03

పెద్దన్నా, సముద్రం మధ్యలో బర్రె ఎక్కడిది? ఈదుకుంటూ పోవాలి.

ద్వీపంలో_ఆరేళ్లు | సోమవారం, రాత్రి 11:25

చెల్లీ, మాది పరకాల. 2016 నుంచి 2022 దాకా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాం. మా పెద్దోడు అక్కడే బడిలో చేరాడు, చిన్నది అక్కడే పుట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్తా.

అందరూ సముద్రం గురించి అడుగుతారు. నన్ను ఏడిపించింది సముద్రం కాదు, తడి. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా పోదు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు, అంటే మన వరంగల్‌కి దాదాపు మూడింతలు. చంటిపిల్ల గుడ్డలు ఆరవు. ఇల్లంతా దండేలే, వాటి కింద నుంచి వంగి నడవాలి. బీరువాలో పెట్టిన పట్టుచీరకి బూజు పట్టింది, అది మా పెళ్లి చీర. ఇంత వాన పడ్డా ఎండాకాలం నీళ్లకి కటకటే. ఊరికి నీళ్లు ధనీకరి డ్యామ్ నుంచి రావాలి. మార్చి, ఏప్రిల్‌లో రెండు మూడు రోజులకోసారి నల్లా వచ్చేది. క్వార్టర్‌లో ట్యాంకు ఎంతదో ముందే కనుక్కోమను.

గడియారం మనదే, పొద్దు మాత్రం దాదాపు యాభై నిమిషాలు ముందు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా చీకటి. పిల్లలు ఏడున్నరకి పడుకుని తెల్లవారుజామున ఐదింటికి లేపేస్తారు. మొదటి నెల పిచ్చెక్కింది. తర్వాత అదే సుఖమనిపించింది, ఎనిమిదింటికల్లా ఇల్లు నిశ్శబ్దం.

కూరగాయలు: తోటకూర, మునగ, కొబ్బరి అక్కడివే. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఓడలో రావాలి. తుఫానుకి ఓడ ఆగిందంటే టమాట ధర అడగొద్దు. చేపలు మాత్రం మన దగ్గర కలలో కూడా దొరకనివి.

భాషకి భయపడకు. బజారులో హిందీ నడుస్తుంది. 2011 లెక్కల్లో 3.8 లక్షల జనాభాలో 13 శాతం తెలుగువాళ్లే, ఎక్కువగా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. మా వాడు ఫోన్లో "ఏటి తాతా, ఏటి సేస్తన్నావు" అంటుంటే మా బాపు నవ్వలేక చచ్చాడు.

ఒక్క జాగ్రత్త. ఎక్కడ పడితే అక్కడ పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, వాగులు సముద్రంలో కలిసే చోట మరీను. బోర్డు పెట్టిన దగ్గర మోకాలు లోతు కూడా వద్దు. ఇసుకలో కుట్టే చిన్న ఈగలుంటాయి, కనబడవు, కుడితే వారం దురద. పొద్దున, సాయంత్రం ఇసుకలో ఆడనీయకు.

ఎనుమాముల_పెద్దన్న | మంగళవారం, ఉదయం 6:10

ఇంత పొడుగు రాసినవు తల్లీ, పాల గురించి ఒక్క ముక్క లేదు.

ద్వీపంలో_ఆరేళ్లు | మంగళవారం, ఉదయం 7:45

ప్యాకెట్ పాలు దొరుకుతాయి పెద్దన్నా, అన్ని రోజులూ అడిగినన్ని దొరకవు. ఇంట్లో పాలపొడి డబ్బా పెట్టుకోవాల్సిందే.

ఎనుమాముల_పెద్దన్న | మంగళవారం, ఉదయం 8:02

అదీ సంగతి! పద్నాలుగు నెలల పిల్లకి డబ్బాల పిండి కలిపి తాపుతారా? చిక్కటి బర్రెపాలు, గడ్డ పెరుగు, ఇంటి నెయ్యి తిన్న పిల్లల ఎముక వేరే ఉంటది. మా ఇంట్ల ఆరుగురం అట్లనే పెరిగినం, ఒక్కరికి అద్దాలు లేవు. జీతం ఎంత పెరిగినా పిల్ల ఒంటికి పట్టనిది ఎందుకు? అమ్మా, నువ్వు కదలకు.

పిల్లల_వార్డు_నర్సు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

పెద్దన్నా, కోపం తెచ్చుకోకు. పాలపొడి అంటే పాలే, నీళ్లు తీసేశారు అంతే. కాచి చల్లార్చిన నీళ్లతో, డబ్బా మీద రాసిన కొలతతో కలిపితే చాలు. ఏడాది దాటిన పిల్లకి రోజుకి అర లీటరు మించి పాలు అక్కర్లేదు. మా వార్డుకి వచ్చే తెల్లగా పాలిపోయిన పిల్లల్లో చాలామంది పాలు తాగనివాళ్లు కాదు, పాలే తాగేవాళ్లు. పాలతో కడుపు నింపేస్తే అన్నం తినరు, పాలల్లో ఇనుము అసలే తక్కువ, రక్తం పడిపోతుంది. పాపకి చేపా గుడ్డూ ఆకుకూరా పెడితే అక్కడా బాగానే పెరుగుతుంది.

ఇంకోటి. పదహారు నెలలు నిండాక వేసే మీజిల్స్ రెండో డోసు, బూస్టర్లు అక్కడా అవే వేస్తారు. టీకా కార్డు మాత్రం చేతి సంచిలో పెట్టుకోండి, సామాన్లలో వేయొద్దు.

ఎనుమాముల_పెద్దన్న | మంగళవారం, మధ్యాహ్నం 3:15

మీ పుస్తకాలు మీవి. మా అవ్వ ఏ పుస్తకం చదివి ఆరుగురిని పెంచింది?

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, సాయంత్రం 5:20

పాల సంగతి పక్కన పెట్టండి. సునామీ మరిచిపోయారా? 2004 డిసెంబరు 26. నికోబార్‌లో ఊళ్లకి ఊళ్లే పోయాయి. అదంతా భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న చోటు. చంటిపిల్లని ఎత్తుకుని ఎటు పరిగెత్తుతుంది?

ద్వీపంలో_ఆరేళ్లు | మంగళవారం, సాయంత్రం 6:05

తమ్ముడూ, నేనూ భయపడ్డా. అక్కడ బడిలో పిల్లలకి డ్రిల్లు చేయిస్తారు. నేల గట్టిగా ఊగితే సైరన్ కోసం చూడకుండా గుట్ట ఎక్కాలని మా వాడికి ఆరేళ్లకే తెలుసు. మరి 2024 డిసెంబరు 4 పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మనోళ్లు ఏం చేశారు? మా అమ్మ లోపలే నిలబడి నాకు ఫోన్ చేసింది, "సిలిండర్ పేలిందా ఏంది" అని. 2020 ఆగస్టులో మన హనుమకొండ నయీంనగర్ మునిగితే ఏ ద్వీపంలో ఉన్నారు వాళ్లు?

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, సాయంత్రం 6:11

సరే అక్కా, ఓడిపోయా.

ఎనుమాముల_పెద్దన్న | మంగళవారం, రాత్రి 8:30

నువ్వు మాటలు బాగా చెప్తవు. మరి పెద్ద రోగం వస్తే? నిజం చెప్పు.

ద్వీపంలో_ఆరేళ్లు | మంగళవారం, రాత్రి 9:50

నిజమే చెప్తా. జ్వరాలు, విరేచనాలు, ప్రసవాలు, అన్నీ పెద్దాసుపత్రిలో చూస్తారు. నా కాన్పు అక్కడే. కానీ మా చిన్నదాని గుండెలో ఏదో శబ్దం వినిపిస్తోందని అన్నప్పుడు పిల్లల గుండె డాక్టరు కోసం చెన్నై వెళ్లాల్సి వచ్చింది. టికెట్లు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రాత్రులు నిద్ర లేదు. చివరికి ఏమీ లేదన్నారు. కానీ ఉంటే? అది అక్కడ కట్టాల్సిన ధర, దాచను. పాపకో బాబుకో ఇప్పటికే ఏదైనా జబ్బుంటే మాత్రం వెళ్లొద్దనే చెప్తా.

అయితే ఒకటి. ఇక్కడికి తిరిగొచ్చాక మా పెద్దోడికి అర్ధరాత్రి ఫిట్స్ వస్తే, మన ఊళ్లోనే రెండు ఆసుపత్రులు బెడ్ లేదని పంపించాయి. మూడో దాంట్లో చేర్చుకునేసరికి రెండున్నర అయింది. ఇంటి పక్కన బోర్డు ఉంటే డాక్టరు ఉన్నట్టు కాదు.

ఎనుమాముల_పెద్దన్న | మంగళవారం, రాత్రి 10:04

నాలుగు రోజులు! ఆమే ఒప్పుకుంది. ఇక చర్చ ఏముంది?

జగిత్యాల_కొడుకు | బుధవారం, ఉదయం 7:20

రెండు రోజులుగా చదువుతున్నా. పాలు, మొసళ్లు, ఉల్లిగడ్డ ధర. ఒక్కరూ ఆ పిల్లల నాన్న గురించి మాట్లాడలేదు.

మా బాపు దుబాయ్ పోయినప్పుడు నాకు మూడేళ్లు. పన్నెండేళ్లలో నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు "ఎవరో వచ్చారు" అని మంచం కింద దూరానంట. ఆయన మాట అంటే మాకు క్యాసెట్. టేపులో "బిడ్డా, మంచిగ చదువుకో" అనేవాడు, వెనక ఎక్కడో ఫ్యాన్ చప్పుడు వినిపించేది. మాకు బర్రె ఉండేది పెద్దన్నా. పాలు, పెరుగు, నెయ్యి, నాయనమ్మ, తాత, అందరూ ఉన్నారు. ఎముక గట్టిగానే ఉంది. ఇప్పటికీ ఆయన, నేను ఒక గదిలో కూర్చుంటే వాన గురించి తప్ప మాట్లాడుకోలేం.

మా ఊళ్లో ప్రతి రెండో ఇల్లు ఇదే కథ. వాళ్లకి పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లే జీతం లేదు, వీసా లేదు. ఈయనకి క్వార్టర్ ఇచ్చి మరీ రమ్మంటున్నారు. దీన్ని కూడా దుబాయ్ చేస్తారా?

ఎనుమాముల_పెద్దన్న | బుధవారం, ఉదయం 7:52

తమ్ముడూ, నాన్న ఒక్కడేనా మనిషి? నాయనమ్మ, తాత రాళ్లా? పిల్లల్ని సాకడానికి, స్నానం పోయడానికి, జ్వరం వస్తే రాత్రంతా కూర్చోవడానికి మేము కావాలె. మీకు రెక్కలు వచ్చినంక ఫోన్లో మొహం చూపించి "తాతకి టాటా చెప్పు" అంటరు. సిగ్గుండాలె.

జగిత్యాల_కొడుకు | బుధవారం, ఉదయం 8:01

ఎవరికి సిగ్గు? కొడుకు మీద ప్రేమ ఉంటే వాడి పిల్లల్ని వాడి దగ్గర ఉండనివ్వాలి. పిల్లల్ని తాకట్టు పెట్టుకుంటారా, కొడుకు తిరిగి రావాలని?

పిల్లల_వార్డు_నర్సు | బుధవారం, ఉదయం 8:10

ఇద్దరూ కాస్త ఆగండి. ఆవిడ అడిగిందేమిటి, మీరు తిట్టుకుంటున్నదేమిటి.

హనుమకొండ_అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:15

పాప పడుకుంది, ఇప్పుడే చూశా. జగిత్యాల అన్నా, తాకట్టు అన్న మాట గట్టిగా తగిలింది. ఎందుకంటే మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు గానీ అసలు సంగతి అదే. మొన్న రాత్రి మామయ్య అత్తమ్మతో అనడం విన్నా: "కోడలు, పిల్లలు ఇక్కడుంటే వాడు మూడేళ్లకి వస్తడు. అందరూ పోతే అట్నుంచి అటే."

నాకు వాళ్ల మీద కోపం రాలేదు. పాపని పుట్టిన రోజు నుంచి పెంచింది అత్తమ్మే. నేను బడికి వెళ్లి పాఠాలు చెప్పి జీతం తెస్తున్నానంటే ఆమె చలవే. అక్కడికి వెళ్తే ఆ ఉద్యోగం పోతుంది, అది ఈ పోస్టులో రాయలేదు నేను. రాస్తే అందరూ దాని గురించే మాట్లాడతారని. ఉంటే మాత్రం ఆయన లేని ఇంట్లో, ఆయన అమ్మానాన్నలకి జవాబు చెప్పుకుంటూ మూడేళ్లు. మీరెవరూ అడగలేదు గానీ, నాకు ఆయన దగ్గర ఉండాలని ఉంది.

ఎనుమాముల_పెద్దన్న | బుధవారం, రాత్రి 11:40

బిడ్డా, పొద్దున నోరు జారిన. జగిత్యాల తమ్ముడూ, నువ్వూ ఏమనుకోకు.

మా కొడుకు సింగపూర్ పోయి ఎనిమిదేళ్లు. అదీ ద్వీపమే. మనవరాలు అక్కడే పుట్టింది. రెండేళ్ల కింద వస్తున్నరని తెలిసి, పిల్లకి మంచి పాలు ఉండాలని బర్రెను కొన్న. గ్రేడెడ్ ముర్రా. వాళ్లు పది రోజులున్నరు. పిల్ల ఒక్క గ్లాసు నోట్లో పెట్టి "స్మెల్ వస్తోంది తాతా" అని పక్కన పెట్టింది. ప్యాకెట్ తెప్పించినం. మా కొడుకు నవ్విండు. నేనూ నవ్విన.

మీ మామయ్యను ఏమీ అనకు.

ద్వీపంలో_ఆరేళ్లు | గురువారం, ఉదయం 6:30

పెద్దన్నా...

చెల్లీ, ఒక పని చెయ్యి. ఇప్పుడు వానల్లో కదలకు. జనవరిలో వెళ్లు, మబ్బు పోయి ఉంటుంది, ఎండ కూడా ముదరదు. అత్తమ్మని కూడా రెండు నెలలు తీసుకెళ్లు. ఆమె చూసిన ఇల్లు వేరు, ఆమె ఊహించుకున్న ద్వీపం వేరు. మేము వెళ్లిన కొత్తలో నెట్ లేక వీడియో కాల్‌లో బాపు మొహం ముక్కలు ముక్కలుగా వచ్చేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక బాగుపడింది. అయినా అమ్మ వచ్చి నా వంటింట్లో కూర్చుని వెళ్లాకే ఆమెకి నిద్ర పట్టింది. బతుకమ్మకి తంగేడు దొరకదు, బంతిపూలతో పేర్చాం. చుట్టూ శ్రీకాకుళం ఆడవాళ్లు ఆశ్చర్యంగా చూశారు, మూడో ఏడు వాళ్లే పూలు తెచ్చారు.

హనుమకొండ_అమ్మ | గురువారం, రాత్రి 9:15

అక్కా, అత్తమ్మని అడిగా. ముందు ఏమీ అనలేదు. అన్నం తిన్నాక వచ్చి "మేడారంల పిల్లకి ఎత్తు బంగారం మొక్కిన, జాతరకి తీసుకొస్తవా?" అంది (బంగారం అంటే అక్కడ బెల్లమే, పిల్ల బరువుకి సరిపడా). తీసుకొస్తానన్నా. "అట్లయితే ఓడలనా, విమానంలనా?" అని అడిగింది. అంటే వస్తున్నట్టేనా?

కాజీపేట_జంక్షన్ | గురువారం, రాత్రి 9:18

వస్తున్నట్టే. పిల్ల బరువు పెరిగితే బెల్లం ఖర్చు పెరుగుతుంది, చూసుకోండి.

ఎనుమాముల_పెద్దన్న | గురువారం, రాత్రి 9:41

ఓడ వద్దు. మూడు రోజులు పెద్దమనిషి తట్టుకోదు. హైదరాబాద్ నుంచి విమానం రెండున్నర గంటలేనట, మా అల్లుడు చెప్పిండు. నర్సమ్మా, ఆ పాలపొడి గ్లాసుకి ఎన్ని చెంచాలు వెయ్యాలో ఈ బిడ్డకి సరిగ్గా చెప్పు.

జగిత్యాల_కొడుకు | గురువారం, రాత్రి 9:50

పెద్దన్నా, బర్రె ఇంకా ఉందా?

ఎనుమాముల_పెద్దన్న | గురువారం, రాత్రి 9:52

ఉంది. మొన్ననే ఈనింది.