సిటీ పోలీస్, షెరిఫ్, ట్రూపర్... అమెరికాలో ఎవరు ఎవరికి బాస్?

డెంటన్_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్ కోసం టెక్సస్ వచ్చాను, డెంటన్ దగ్గర ఉంటున్నా. మొన్న రాత్రి ఫ్రెండ్‌ని ఎయిర్‌పోర్టులో దింపి వస్తుంటే వెనక ఎరుపు, నీలం లైట్లు వెలిగాయి. పక్కకి ఆపాను. టెయిల్ లైట్ ఒకటి వెలగట్లేదట, నోటితో చెప్పి వదిలేశాడు. టెన్షన్ పడ్డాను కానీ నా ప్రశ్న అది కాదు. ఆ కారు మీద షెరిఫ్ అని ఉంది. పగలు అదే రోడ్డు మీద సిటీ పోలీసులు కనిపిస్తారు, హైవే ఎక్కితే పెద్ద టోపీ పెట్టుకున్న ట్రూపర్లు, యూనివర్సిటీకి మళ్ళీ సొంత పోలీసులు. పోయిన నెల పక్క అపార్ట్‌మెంట్‌కి ఖాళీ చేయమని కోర్టు కాగితం అంటించడానికి వచ్చినాయన కాన్‌స్టబుల్ అట, నడుముకి గన్ను కూడా ఉంది. వీళ్ళందరిలో ఎవరు ఎవరి కింద పనిచేస్తారు? ఎవరు ఆపితే ఏం చేయాలి? కాస్త మొదటి నుంచి చెప్పండి ప్లీజ్.

పాతకాపు_డల్లాస్:
తమ్ముడూ, ముందు "అందరి పైన ఒక పెద్దాఫీసరు ఉంటాడు" అన్న ఆలోచన తీసెయ్, అప్పుడే ఇది అర్థమవుతుంది. మనకి కాన్‌స్టేబుల్ నుంచి డీజీపీ దాకా ఒకటే నిచ్చెన. ఇక్కడ నిచ్చెనే లేదు. దేశం మొత్తం మీద పోలీసు ఏజెన్సీలు దాదాపు 18,000 ఉంటాయి, దేనికదే వేరు. న్యూయార్క్ సిటీ పోలీసుల్లో 30 వేలకు పైగా ఆఫీసర్లు ఉంటే, చిన్న ఊళ్ళలో పది మంది కూడా లేని డిపార్ట్‌మెంట్లు వేలల్లో ఉన్నాయి. సిటీ పోలీస్ చీఫ్‌ని మేయరో సిటీ మేనేజరో పెట్టుకుంటారు, వాళ్ళే తీసేస్తారు. గవర్నర్ ఫోన్ చేసి "ఆ చీఫ్‌ని బదిలీ చేయండి" అంటే కుదరదు. అసలు బదిలీ అనేదే లేదు.

షెరిఫ్ కథ వేరు. ఆయన కౌంటీ మనిషి, జనం ఓట్లేసి గెలిపిస్తారు. టెక్సస్‌లో 254 కౌంటీలు, ప్రతి కౌంటీకి ఒక షెరిఫ్, నాలుగేళ్ళకోసారి ఎన్నిక. నిన్ను ఆపింది ఆయన కింద పనిచేసే డెప్యూటీ అయి ఉంటాడు. సిటీ హద్దు దాటిన రోడ్లన్నీ ఎక్కువగా వాళ్ళే చూస్తారు, కౌంటీ జైలు కూడా షెరిఫ్ చేతిలోనే. నువ్వు చెప్పిన కాన్‌స్టబుల్ కూడా ఎన్నికైన మనిషే, లేదా ఆయన డెప్యూటీ. టెక్సస్‌లో ఖాళీ చేయించే నోటీసులు, కోర్టు కాగితాలు ఎక్కువగా వాళ్ళే తెస్తారు, పూర్తి పోలీసు అధికారాలూ ఉంటాయి. పేరు చూసి మన కానిస్టేబుల్‌లా కింది స్థాయి అనుకోకు. ట్రూపర్లు డీపీఎస్ వాళ్ళు, అంటే రాష్ట్ర పోలీసులు. క్యాంపస్ పోలీసుల్ని చాలామంది సెక్యూరిటీ గార్డులనుకుంటారు. పెద్ద యూనివర్సిటీల్లో వాళ్ళు ప్రమాణం చేసిన అసలు పోలీసులే, అరెస్ట్ చేసి జైలుకి పంపగలరు.

మరి ఎఫ్‌బీఐ? అది వీళ్ళ మీద పెత్తనం చేసేది కాదు. బ్యాంకు దోపిడీ, టెర్రరిజం, రాష్ట్రాలు దాటిన కిడ్నాప్ లాంటి ఫెడరల్ నేరాలు చూసుకుంటుంది. 1908లో పుట్టింది. ఫెడరల్ కోర్టుల పని చూసే మార్షల్స్ అయితే 1789 నుంచే ఉన్నారు.

ఇంత చెల్లాచెదురుగా ఎందుకుందంటే, రాజు సైన్యాన్ని చూసి విసిగిపోయిన జనం కట్టుకున్న దేశం ఇది. శాంతిభద్రతలు రాష్ట్రాలకి వదిలేశారు, రాష్ట్రాలు ఊళ్ళకి వదిలేశాయి. బోస్టన్ 1838లో, న్యూయార్క్ 1845లో జీతాలిచ్చి పోలీసుల్ని పెట్టుకున్నాయి. దక్షిణాదిలో అంతకు ముందే పారిపోయిన బానిసల్ని పట్టుకునే గస్తీ దళాలు ఉండేవి, కరోలినాలో 1704 నుంచే. నల్లవాళ్ళకీ పోలీసులకీ మధ్య ఈ రోజుకీ ఉన్న అపనమ్మకం 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో చనిపోవడంతో మొదలైంది కాదు.

ఓహాయో_రావు:
పై ఆయన బాగా రాశారు. ఒక్కటి కలుపుతాను. ఊరికో డిపార్ట్‌మెంట్ ఉండటం వల్ల "మన ఊరి పోలీసు" అనే భావన వస్తుందని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు ఏమవుతుందో మీ టెక్సస్‌లోనే చూడండి. 2022 మే 24న యువాల్డీలో స్కూల్లోకి ఒకడు గన్నుతో దూరాడు. స్కూల్ డిస్ట్రిక్ట్‌కి సొంతంగా ఓ చిన్న పోలీసు దళం ఉంది, దాని చీఫ్ అక్కడే ఉన్నాడు. సిటీ పోలీసులు వచ్చారు, షెరిఫ్ మనుషులు వచ్చారు, రాష్ట్ర పోలీసులు 91 మంది, బార్డర్ పెట్రోల్ 149 మంది వచ్చారు. టెక్సస్ ప్రతినిధుల సభ కమిటీ లెక్క ప్రకారం మొత్తం 376 మంది. అయినా తరగతి గది తలుపు తీసి లోపలికి వెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. కమాండ్ ఎవరిదో తేలలేదు. ఆ చీఫేమో తాను ఇన్‌చార్జ్‌నని అనుకోలేదన్నాడు, వచ్చినవాళ్ళలో చాలామంది ఆయనే ఇన్‌చార్జ్ అనుకున్నారు, పెద్ద ఏజెన్సీలవాళ్ళు ముందుకొచ్చి పగ్గాలు తీసుకోలేదు. ఆ రోజు కొరత ఉన్నది మనుషులకి కాదు, తుపాకులకి కాదు. కాబట్టి "ఎవరు ఎవరికి బాస్" అన్నది పిచ్చి ప్రశ్నేమీ కాదు బాబూ.

అందరూ విడిగానే ఉంటారనీ కాదు. సొంత డిపార్ట్‌మెంట్ భరించలేని ఊళ్ళు షెరిఫ్‌కి డబ్బు కట్టి కాంట్రాక్ట్ రాసుకుంటాయి. కాలిఫోర్నియాలో లేక్‌వుడ్ 1954లో మొదలుపెట్టింది. ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరిఫ్ నలభైకి పైగా ఊళ్ళకి పోలీసు పని చేస్తున్నాడు.

లా_స్టూడెంట్_లత:
ఎవరు ఆపారన్నది పక్కన పెట్టండి, ఆపాక మీ హక్కులు ఏ యూనిఫాం ముందైనా ఒకటే, అవి రాజ్యాంగం నుంచి, కోర్టు తీర్పుల నుంచి వచ్చినవి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: కారు దిగొద్దు. మనవాళ్ళకి దిగి, ఎదురెళ్ళి, "సర్" అని మాట్లాడటం మర్యాద. ఇక్కడ అలా దిగితే ఆఫీసర్ చేయి గన్ను మీదకి పోతుంది. కుడివైపు ఆపి, ఇంజన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టుకోండి. వెనక నుంచి పెద్ద స్పాట్‌లైట్ అద్దంలో కొడుతుంది, కళ్ళు చెదురుతాయి, కంగారు పడకండి, అది అందరికీ వేస్తారు. కొందరు వచ్చేటప్పుడు కారు వెనక భాగం మీద అరచేయి ఆనిస్తారు, అదీ పాత అలవాటే. లైసెన్స్ గ్లవ్ బాక్స్‌లో ఉంటే "తీస్తున్నాను" అని చెప్పి, ఆయన సరేనన్నాకే తీయండి. ఆయన దిగమంటే మాత్రం దిగాల్సిందే, 1977 నుంచి సుప్రీంకోర్టు మాట అది.

"కారులో ఓసారి చూడొచ్చా?" అని స్నేహంగా అడుగుతారు. అది ఆర్డర్ కాదు, అనుమతి. వద్దనే హక్కు మీకుందని వాళ్ళు చెప్పాల్సిన పని లేదని 1973లోనే కోర్టు తేల్చింది కాబట్టి అది మీకే తెలిసి ఉండాలి. "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అని మెల్లగా అనండి. అయినా వెతికితే అడ్డుపడకండి, ఆ గొడవ తర్వాత లాయర్ కోర్టులో తేల్చుకుంటాడు. అక్కడే డబ్బులిచ్చి సెటిల్ చేసుకుందామని ఛస్తే అనకండి, చిన్న టికెట్ కాస్తా పెద్ద నేరం అయిపోతుంది.

సినిమాలు చూసి "మిరాండా హక్కులు (మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని పెట్టుకోవచ్చు అన్నవి) చదవలేదు కాబట్టి కేసు కొట్టేస్తారు" అంటారు చాలామంది. తప్పు. 1966 నాటి మిరాండా తీర్పు వర్తించేది కస్టడీలోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడే. చదవకుండా ప్రశ్నిస్తే మీరు చెప్పిన మాటల్ని సాక్ష్యంగా వాడుకోలేరు, అంతే, మిగతా కేసు నిలుస్తుంది. ఊరికే మౌనంగా కూర్చుంటే హక్కు వాడుకున్నట్టు కాదని 2010లో ఇంకో తీర్పు వచ్చింది. మాట్లాడను, లాయర్ కావాలి అని నోటితో చెప్పాలి.

"చిన్న తప్పుకి అరెస్ట్ చేయరులే" అని కూడా అనుకోవద్దు. టెక్సస్‌లోనే లాగో విస్టా అనే ఊళ్ళో సీటు బెల్టు పెట్టుకోలేదని, పిల్లలకి పెట్టలేదని ఒక తల్లిని బేడీలేసి తీసుకెళ్ళారు. ఆ తప్పుకి గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. 2001లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ అరెస్ట్ చెల్లుతుంది అంది. వీసా మీద ఉన్నవాళ్ళు దీన్ని ఎందుకు పట్టించుకోవాలంటే వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. మామూలు టికెట్ అరెస్ట్ కిందకి రాదు. టికెట్ మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి వస్తానన్న హామీ. దాన్ని మర్చిపోతే మాత్రం వారంట్ వస్తుంది.

డెంటన్_కుర్రోడు:
అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. దిగకూడదని నాకు నిజంగా తెలియదు. ఇంకో డౌట్. సమ్మర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి పొద్దున్నే వాకింగ్ అలవాటు, ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఆయన్ని ఎవరైనా ఆపితే? పోలీసే తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఓహాయో_రావు:
ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో గుజరాత్ నుంచి మనవడిని చూసుకోవడానికి వచ్చిన పెద్దాయన కొడుకు ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. పొరుగాయన ఎవరో అనుమానాస్పదంగా ఉన్నాడని ఫోన్ చేశాడు. పెద్దాయనకి పోలీసుల మాటలు అర్థం కాలేదు. ఆఫీసర్ చేయి మెలిపెట్టి నేలకేసి కొట్టాడు, ఆయన ఒళ్ళు కొంత చచ్చుబడిపోయింది. అంతా డాష్‌క్యామ్ వీడియోలో ఉంది. ఫెడరల్ కేసు పెట్టారు, రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, చివరికి జడ్జి ఆఫీసర్‌ని విడిచిపెట్టాడు. సివిల్ దావా 2021లో 1.75 మిలియన్ డాలర్లకి సెటిల్ అయింది. మీ నాన్నగారి జేబులో పేరు, అడ్రస్, మీ ఫోన్ నంబరు, "నాకు తెలుగు మాత్రమే వచ్చు" అని ఇంగ్లిష్‌లో రాసిన కార్డు పెట్టండి. జేబులోంచి గబుక్కున తీయొద్దని కూడా చెప్పండి.

లా_స్టూడెంట్_లత:
చెప్పుకునే దారులు మూడు. ఆ డిపార్ట్‌మెంట్‌లోనే ఇంటర్నల్ అఫైర్స్ ఉంటుంది, అంటే వాళ్ళ మీద వాళ్ళే విచారణ, నాకైతే పెద్ద నమ్మకం లేదు. రెండోది ప్రాసిక్యూటర్. ఇక్కడ కేసు నడిపేది పోలీసులు కాదు, ఎన్నికైన డిస్ట్రిక్ట్ అటార్నీ. రోజూ అదే పోలీసుల సాక్ష్యంతో కేసులు గెలవాల్సిన మనిషి వాళ్ళ మీద కేసు పెట్టాలంటే వెనకాడటం సహజం. మూడోది సివిల్ దావా, 1871లో చేసిన చట్టం కింద వేస్తారు, కానీ క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అనే గోడ అడ్డొస్తుంది. దాదాపు ఇలాంటి సంఘటనలోనే ఇది హక్కుల ఉల్లంఘన అని అంతకు ముందు ఏదో కోర్టు స్పష్టంగా చెప్పి ఉండకపోతే ఆఫీసర్ బయటపడిపోతాడు.

డిపార్ట్‌మెంట్ మొత్తం చెడితే ఫెడరల్ న్యాయశాఖ దిగొచ్చు, 1994 చట్టం ఆ అధికారం ఇచ్చింది. మిస్సోరీలోని ఫెర్గూసన్ అనే ఊరి పోలీసుల మీద 2015లో వాళ్ళిచ్చిన రిపోర్టు చూస్తే, సుమారు 13 మిలియన్ డాలర్ల జనరల్ ఫండ్‌లో 3 మిలియన్లు జరిమానాల నుంచే రావాలని ఊరు బడ్జెట్ వేసుకుంది. పోలీసులు టికెట్ల మీద టికెట్లు ఎందుకు రాశారో వేరే చెప్పాలా. అయితే వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారితే ఈ ఉత్సాహమూ మారుతుంది.

పాతకాపు_డల్లాస్:
అంత భయపెట్టకండి వాళ్ళని. నన్ను ఆపినవాళ్ళలో ఎక్కువమంది మర్యాదగానే మాట్లాడారు. అయినా నా రంగు, నా యాస చూసి మాట్లాడే తీరు మారడం కూడా చూశాను, అదీ కాదనను.

ఇంకోటి, ఇమ్మిగ్రేషన్ చట్టం ఫెడరల్ పని, ఊరి పోలీసుకి సంబంధం లేదనే పాత లెక్క ఇప్పుడు పూర్తిగా పనిచేయదు. 287(జి) అని 1996 నుంచి ఒక ఏర్పాటు ఉంది, ఐస్‌తో, అంటే ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ ఏజెన్సీతో, ఒప్పందం చేసుకున్న లోకల్ ఏజెన్సీ మనుషులు ఆ పని కొంత చేయొచ్చు. జైళ్ళు నడిపే షెరిఫ్‌లు ఆ ఒప్పందం చేసుకోవాలని టెక్సస్ 2025లో చట్టం కూడా చేసింది. నీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన స్టూడెంట్ కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) కాపీలు దగ్గర పెట్టుకో, నాన్నగారి పాస్‌పోర్టు కాపీ కూడా.

నైట్‌షిఫ్ట్_నర్స్:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. అత్యవసరమైతే ఏ ఏజెన్సీకి ఫోన్ చేయాలో నువ్వు ఆలోచించక్కర్లేదు, 911 కొడితే నువ్వున్న చోటుని బట్టి వాళ్ళే పంపుతారు. ముందు అడ్రస్ చెప్పు, తర్వాతే కథ, లైన్ కట్ అయినా ఎవరో ఒకరు వస్తారు. "తెలుగు" అంటే దుబాసీని లైన్లోకి తీసుకునే ఏర్పాటు చాలా సెంటర్లలో ఉంది, అమ్మానాన్నకి ఆ ఒక్క మాటా నేర్పు. కారు అద్దం పగిలింది, సైకిల్ పోయింది లాంటి వాటికి నాన్-ఎమర్జెన్సీ నంబరు వేరే ఉంటుంది, సిటీ సైట్‌లో చూసుకో. రిపోర్ట్ రాశాక కేస్ నంబర్ అడిగి తీసుకో, ఇన్సూరెన్స్‌వాళ్ళు అదే అడుగుతారు. ఆఫీసు ఫోన్ నుంచి ఇంటికి కాల్ చేసేటప్పుడు జాగ్రత్త. బయటి లైనుకి 9, తర్వాత 011, తర్వాత 91 కొట్టాలి, మధ్యలో సున్నా మర్చిపోతే నేరుగా 911కి పోతుంది. పోయిందా, భయపడి పెట్టేయకు, పొరపాటున తగిలిందని చెప్పు. పెట్టేస్తే తిరిగి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే కారే వచ్చి తలుపు కొడుతుంది.