జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఇన్ని పరిశోధనా పద్ధతులు: బలమా, గందరగోళమా?

అక్షాంశం:
పటాలు, ఉపగ్రహ చిత్రాల లాంటి స్థల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం ఇది. ఇందులో ఒకరు డీప్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటర్ తనే నేర్చుకునే) మోడల్ కట్టి కచ్చితత్వం శాతం చూపిస్తారు. ఇంకొకరు జనంతో పటం గీయించి అదీ పరిశోధనే అంటారు. మరొకరు సాఫ్ట్‌వేర్ టూల్ రాసి థీసిస్ ఇచ్చేస్తారు. వీటన్నిటికీ ఒకే కొలబద్ద ఉండక్కర్లేదా? నా మటుకు, వేరొకరు అదే డేటాతో చేస్తే అదే ఫలితం రావాలి. రాకపోతే అది పద్ధతే కాదు.

మెరక_పల్లం:
అదే అంకె వస్తుంది, సరే. ఆ అంకెను నమ్మొచ్చా? 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే పరిశోధకులు అమెరికాలోని అయోవా రాష్ట్రపు 99 కౌంటీలను (మన జిల్లాల లాంటివి) తీసుకుని, వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓట్లకూ సంబంధం లెక్కగట్టారు. కౌంటీలను రకరకాలుగా కలిపి చూస్తే సహసంబంధం దాదాపు −1 (ఒకటి పెరిగితే రెండోది తగ్గడం) నుంచి +1 (రెండూ కలిసి పెరగడం) దాకా ఎటు కావాలంటే అటు పోయింది. డేటా అదే, సూత్రమూ అదే. మారింది సరిహద్దు గీతలే.

అక్షాంశం:
పాత గొడవ అది. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో పిక్సెల్ స్థాయి డేటా ఉండగా సరిహద్దులతో పనేంటి?

మెరక_పల్లం:
పిక్సెల్ కూడా మనం గీసిన గడే కదండీ! దాని వైపు ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో 30 మీటర్లు, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో 10. గడిలో సగం నీళ్లు, సగం పొలం ఉంటే దాన్ని ఏ తరగతిలో వేస్తారు? ఇక మీ కచ్చితత్వం శాతం. పక్కపక్క చోట్లు ఒకేలా ఉంటాయని భూగోళ శాస్త్రవేత్త టోబ్లర్ 1970లోనే అన్నాడు. మోడల్ శిక్షణకూ పరీక్షకూ పాయింట్లను ఎలా పడితే అలా పంచితే, ఇరుగుపొరుగు పాయింట్లు రెండు వైపులా పడతాయి; ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టే. ప్రాంతాలవారీగా విడదీసి చూడండి, చాలాసార్లు స్కోరు పడిపోతుంది.

క్షేత్రపాలుడు:
మధ్యలో దూరుతున్నా. పచ్చగా కనిపించే నేల ఎవరు వాడుకుంటున్నారో, దానిమీద తగాదా ఉందో లేదో ఉపగ్రహానికి తెలియదు. వెళ్లి అడగాల్సిందే. అలాగని ఎవరిని అడిగారో, ఎవరిని వదిలేశారో చెప్పకుండా 'ప్రజల పటం' అని పేరు పెడితే నేనూ ఒప్పుకోను. మీటింగుల్లో గట్టిగా మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే.

అక్షాంశం:
సరే, ఫలితం కాకపోయినా దారి అయినా బయటపెట్టాలి అందాం. టూల్ రాసినవాళ్ల సంగతేంటి? బటన్ పనిచేస్తే పరిశోధన అయిపోతుందా?

మెరక_పల్లం:
ఆ బటన్ వెనక డీఫాల్ట్ సెల్ సైజు (ముందే పెట్టి ఉంచిన గడి కొలత) అంతే ఎందుకు పెట్టారో, మారిస్తే ఫలితం ఎంత కదులుతుందో పరీక్షించి రాస్తే అవుతుంది. రాయకపోతే నేనూ మీ పక్షమే.