ఆరా తీయడమా, కూపీ లాగడమా?

మన ఒడిశా తెలుగువాళ్ళ గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్' చూశారా ఎవరైనా? రిచర్డ్ ఆస్మన్ 2020 నవల, దాన్ని క్రిస్ కొలంబస్ సినిమాగా తీస్తే 2025 ఆగస్టు 28న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇంగ్లండులో రిటైరైనవాళ్ళు ఉండే ఒక కాలనీ, అందులో నలుగురు ముసలాళ్ళు వారం వారం ఒక గదిలో చేరి పోలీసులు తేల్చలేక వదిలేసిన పాత హత్య కేసులు తిరగేస్తుంటారు, ఇంతలో నిజం హత్యే ఒకటి వాళ్ళ మీదకొచ్చి పడుతుంది. కేకులు, టీ కప్పులు, పచ్చిక బయళ్ళు, మధ్యలో శవం. వంట చేసుకుంటూ కూడా చూసేయొచ్చు, అంత హాయిగా ఉంది నాకైతే.

మా పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్తున్నాను, "ఇప్పుడు వీళ్ళు దర్యాప్తు చేస్తున్నారు" అన్నాను. "దర్యాప్తేటే, ఆళ్ళేటి పోలీసోళ్ళా? ఆరా తీస్తన్నారు" అంది. కాసేపయ్యాక హెలెన్ మిర్రెన్ (ఆ నలుగురిలో ఎలిజబెత్ వేషం ఆవిడది) ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే "ఇది ఆరా కాదు, కూపీ లాగుతోంది" అని మళ్ళీ తనే అంది. రెండిటికీ తేడా ఏంటంటే మాత్రం చెప్పలేదు, "తెలీదేటి నీకు?" అని ఊరుకుంది. మీరైనా చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు: మీ పెద్దమ్మగారికి నా నమస్కారం. పక్కన వచ్చే క్రియ చూడండమ్మా, అందులోనే ఉంది. దర్యాప్తు జరుపుతారు, వాకబు చేస్తారు, ఆరా తీస్తారు, కూపీ లాగుతారు. దర్యాప్తు ఫారసీ దర్యాఫ్త్ నుంచి వచ్చిన కచేరీ మాట, దాని వెనక ఎప్పుడూ ఒక అధికారం ఉంటుంది. ఆరాకి ఏ అధికారమూ అక్కర్లేదు, అరుగు చాలు. కూపీ మాత్రం అవతలివాడు ఇవ్వనన్నది, అందుకే లాగాలి. వాకబు కొంచెం పెద్దమనుషుల వ్యవహారం, పెళ్ళి సంబంధాలకి ఎక్కువ వాడతాం. అన్నట్టు సినిమా వచ్చిన మర్నాడే ఆగస్టు 29, మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మీ పెద్దమ్మ మాటలు ఆయన వింటే నోట్ చేసుకునేవారు.

బరంపురం నుంచి ఇంకొకరు: మాస్టారూ, మా సాయిలో, అంటే వీధిలో, రోజూ జరిగేది చెప్తాను. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళని పిండా (అరుగు) మీద కూర్చున్న ఆవిడ "ఏ ఊరమ్మా మీది, ఎంతమంది పిల్లలు, ఆయనకి ఎక్కడ పని" అని అడుగుతుంది, అది ఆరా, అడుగుతున్నట్టు అందరికీ తెలుసు. అదే ఆవిడ పక్కింటావిడతో "మీ అబ్బాయి ఆఫీసువాళ్ళు మంచోళ్ళమ్మా, నెల్లాళ్ళు సెలవిచ్చేరు" అంటుంది చూడండి, అది కూపీ. అందులో ప్రశ్నే లేదు. పాపం ఆ తల్లి "సెలవు కాదు వదినా" అని మొదలెట్టి ఉద్యోగం పోయిన సంగతి మొత్తం చెప్పేస్తుంది.

గుణుపురం కుర్రాడు: నేను ఒడియా మీడియం, తప్పులుంటే క్షమించాలి. ఒడియాలో పోలీసులు చేసేది తదంతొ, ఇరుగుపొరుగు చేసేది ఖొజొ ఖొబొరొ. ఇక్కడా రెండు వేరే. డిటెక్టివ్‌ని గోయిందా అంటారు, అదీ ఫారసీ మాటే. చిన్నప్పుడు నేను గోయిందా కథలు చదువుతున్నానంటే మా తాత "మంచిది, దేవుడి పుస్తకం" అనుకున్నాడు 😄 అసలు విషయం తెలిశాక "అయితే చదువు గోయిందా" అన్నాడు.

రాయగడ అక్క: నవ్వలేక చచ్చాను. నా అభ్యంతరం మాత్రం టైటిల్ మీద. మన వైపు థర్స్‌డే అంటే లక్ష్మివారం. ఆ రోజు ఇంట్లో ఏడుపుమాట ఎత్తితేనే అత్తగారు ఊరుకోదు, చేతిలోంచి డబ్బు బయటికి పోనివ్వదు, వీళ్ళేమో సరిగ్గా లక్ష్మివారమే కూర్చుని ఎవర్ని ఎవరు పొడిచారో మాట్లాడుకుంటారు. అయినా ఒడియా కవి బలరామదాసు లక్ష్మీపురాణంలో మార్గశిర లక్ష్మివారం తెల్లారకుండానే అమ్మవారు ఊరంతా తిరిగి ఎవరి వాకిలి ఊడ్చి ఉంది, ఎవరింట్లో ఇంకా నిద్దర్లే అని చూస్తుంది కదా, అది ఆరా తీయడమే అనొచ్చేమో.

మొదట అడిగినవారు: అక్కా, అది పెద్దమ్మకి చదివి వినిపిస్తే లెంపలేసుకుంది, తర్వాత నవ్వింది.

ఇప్పుడు నాకు బొమ్మ పూర్తిగా కనబడుతోంది. ఎలిజబెత్ ఒకప్పుడు గూఢచారి, ఆవిడది కూపీ. జాయిస్ రిటైరైన నర్సు, కేకు పట్టుకుని వెళ్ళి కూర్చుంటుంది, ఆవిడది ఆరా. డోనా అనే పోలీసమ్మాయి స్టేషన్ సంగతులు వీళ్ళకి చేరవేస్తుంది, దానికి మనకి వేరే మాటే ఉంది, ఉప్పందించడం. పుస్తకంలో అయితే బ్యాగు పోయిందని ఉత్తుత్తి కంప్లయింటు పట్టుకుని స్టేషన్‌కెళ్ళి మరీ ఆ పిల్లని పట్టుకుంటారు. ఇంకో మాట, పుస్తకంలో మధ్యమధ్యలో జాయిస్ డైరీ వస్తుంది, హత్య గురించి రాస్తూ రాస్తూ మధ్యలో కూతురు ఫోన్ చెయ్యలేదనో ఇంకేదో అనో పక్కకి పోతుంది, అసలు క్లూ అక్కడెక్కడో పడి ఉంటుంది. సినిమాలో ఆ గొంతు దాదాపు పోయింది, రెండు గంటల్లో ముడి విప్పాలి కాబట్టి కూపీ మిగిలింది, ఆరా తగ్గింది. బాగుంది సినిమా, కాదనను, నలుగురిలో ఇంకొకడుగా వేసిన బెన్ కింగ్‌స్లీని ఊరికే కూర్చోబెట్టినా చూస్తాను. కానీ పుస్తకం చదివినవాళ్ళకి ఆ కబుర్ల లోటు తెలుస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు: మరి నలుగురిలో ఆ రాన్ ఉన్నాడే, పియర్స్ బ్రాస్నన్ వేసిన వేషం, ఆయన్ని ఎందులో వేశారు? ఆయన ఆరా తీయడు, కూపీ లాగడు.

మొదట అడిగినవారు: పెద్దమ్మనే అడిగాను మాస్టారూ. "ఆడు నిలదీస్తాడు, యూనియనోడు కదా" అంది.