గిరిజన వర్సిటీకి రెల్లి మేలా, మెంటాడా?

గోస్తనీ గట్టు:
2014 విభజన చట్టంలో మాట ఇచ్చిన గిరిజన యూనివర్సిటీకి మొదట కొత్తవలస దగ్గర రెల్లిలో స్థలం చూశారు. ప్రభుత్వం మారాక, గిరిజనులకి దగ్గర్లో ఉండాలంటూ సాలూరు వైపు, మెంటాడ–దత్తిరాజేరు మండలాలకి మార్చారు. 2023 ఆగస్టు 25న శంకుస్థాపన అక్కడే జరిగింది. 2019లో క్లాసులు మొదలైంది మాత్రం విజయనగరంలోని పాత ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) క్యాంపస్‌లో. పార్టీల గొడవ పక్కన పెట్టి చెప్పండి, చదువుకునే పిల్లలకి ఏది నయం?

బొబ్బిలి వీణ:
ఇందులో అడగడానికేముంది? కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట, సాలూరు, అందరికీ మెంటాడే దగ్గర. రెల్లి అంటే విశాఖ శివారు కిందే లెక్క. అక్కడ కడితే పేరు గిరిజనులది, పండగ ప్లాట్లు అమ్ముకునేవాళ్లది.

పాడేరు ఘాట్:
అన్నా, గిరిజనులంటే సాలూరు వాళ్లేనా? మా వైపు సంగతేంటి? అరకులో కిరండూల్ పాసింజర్ ఎక్కిన పిల్ల ఎక్కడా మారకుండా కొత్తవలసలో దిగుతుంది. అదే మెంటాడకయితే ఎస్.కోట మీదుగా విజయనగరం రావాలి, గజపతినగరం బస్సు పట్టాలి, దిగి మళ్లీ ఆటో. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట మోసుకుంటూ.

బొబ్బిలి వీణ:
పాడేరుకి అసలు రైలే లేదు కదా తమ్ముడూ!

పాడేరు ఘాట్:
అందుకే అరకు అన్నాను. చదివి రాయండి.

పాత వార్డెన్:
ఇద్దరూ కొట్టుకోకండి. హాస్టల్లో ఉండే పిల్లలు ఇంటికెళ్లేది దసరాకి, సంక్రాంతికి. రోజూ దూరం లెక్కపెట్టేది మా మాస్టార్లే! భార్య ఉద్యోగం, పిల్లల స్కూలు విశాఖలో ఉంటే ఆయన కాపురం కూడా అక్కడే. మూడున్నర అయ్యేసరికి బస్సు కోసం చేతికి సంచి తగిలించుకుంటాడు. ల్యాబ్‌కి తాళం పడుతుంది, సాయంత్రం డౌటు వచ్చిన పిల్ల ఎవరిని అడగాలి? శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీని చూడండి, ఏయూ పీజీ సెంటరుగా మొదలై 2008లో సొంత యూనివర్సిటీ అయింది. హైవే మీద ఉండటం దానికి కలిసొచ్చిందని నా నమ్మకం. మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్‌లో 2007 చట్టంతో పెట్టిన గిరిజన వర్సిటీకి ఇప్పటికీ పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగి కొండెక్కాలి. ఇంకో మాట, సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి దేశం నలుమూలల నుంచీ వస్తారు. గుమ్మం ముందు కట్టినంత మాత్రాన మన పిల్లలకి సీటు రాదు. కోచింగ్ సెంటరు గురించి ఒక్కరూ అడగరేం?

బొబ్బిలి వీణ:
మాస్టారూ, లెక్చరర్లకి దూరమని అన్నీ విశాఖ పక్కనే పెడితే మా వైపు ఏం మిగులుతుంది? క్యాంపస్ వస్తే మెస్సులు, జిరాక్స్ షాపులు, అద్దె గదులు వస్తాయి. ఆ డబ్బులు మా ఊళ్లలో తిరిగితే తప్పా?

పాత వార్డెన్:
తప్పని నేననలేదు బాబూ. మెంటాడే ఉండనీ. కానీ అడ్మిన్ బిల్డింగ్ కన్నా ముందు ఆడపిల్లల హాస్టలు, స్టాఫ్ క్వార్టర్లు, కేంద్రీయ విద్యాలయం కట్టాలి. ఆర్చి చివర్న కట్టుకోవచ్చు. మనవాళ్లు మొదలెట్టేదే ఆర్చితో!

పాడేరు ఘాట్:
అరకు, పాడేరుల నుంచి క్యాంపస్ గేటు దాకా డైరెక్ట్ ఆర్టీసీ బస్సు వేయించండి. శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం రాత్రికి హాస్టల్ చేరేలా టైమింగ్ ఉంటే నేనూ మెంటాడకే ఓటు. లేదంటే రెల్లే.