కారు తాళం రానంటోంది, కారు వదిలి నేను రాలేకపోతున్నాను

అంబారీ ఏనుగు:
నమస్తే అండి. మాది విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం. కారు 2011 మోడల్, పెట్రోల్, చేత్తో వేసే గేర్లే. మూడేళ్ళ కిందట మా బాబాయి దగ్గర కొన్నాం. నెల రోజులుగా తాళంతో పేచీ. ఒక్కోసారి లోపలికి వెళ్తుంది కానీ తిరగదు. ఒక్కోసారి తిరుగుతుంది, ఇంజన్ కూడా ఆగుతుంది, తీరా చూస్తే బయటికి రాదు.

నిన్న బందరు రోడ్డులో ఒక షాపు ముందు, చీర ఫాల్స్ కొనుక్కుని ఐదు నిమిషాల్లో వచ్చేద్దామని ఆపాను. తాళం రాలేదు. తాళం వేలాడుతున్న కారుని రోడ్డు మీద వదిలేసి షాపులోకి ఎలా వెళ్తాను? గంటన్నర కాపలా కూర్చున్నాను. మా అబ్బాయి జాలిపడి పునుగులు తెచ్చి, నేను లాగుతానమ్మా అంటూ ఆ నూనె చేతులతోనే తాళం పట్టుకోబోతే గట్టిగా అరిచాను. ఆఖరికి దానంతటదే వచ్చింది. ఏం చేస్తే వచ్చిందో నాకే తెలీదు.

నూనె అంటే గుర్తొచ్చింది. మా అత్తయ్యగారు "బీరువా తాళానికి ముప్పై ఏళ్ళుగా ఇదే వేస్తున్నాం" అని రెండు చుక్కలు కొబ్బరి నూనె వేయించారు. రెండు రోజులు వెన్నలా తిరిగింది. తర్వాత ముందుకంటే మొండికేసింది, ఈ డిసెంబరు పొద్దుటిపూటలైతే మరీను. మాకు తెలిసిన మెకానిక్ లాక్ సెట్ మొత్తం మార్చాలి, ఐదు వేలు దాటుతుంది అంటున్నాడు. నిజంగా మార్చాల్సిందేనా?

వన్‌టౌన్ కుర్రాడు:
కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ఒక్క లాగు లాగండక్కా. దెబ్బకి వచ్చేస్తుంది.

ఆటోనగర్ పాతకాపు:
తమ్ముడూ, వచ్చేది సగమే. మిగతా సగం లోపలే ఉంటుంది.

అమ్మా, ముందు ఆ లాగే పని మానండి. మీరు ఒకే జబ్బు అనుకుంటున్నారు గానీ తిరగకపోవడం వేరు, రాకపోవడం వేరు.

తిరగనప్పుడు చక్రాలు ఎటు ఉన్నాయో చూడండి. చక్రం తిప్పి డివైడర్‌కి ఆనించి గానీ, వాలులో గానీ ఆపితే టైరు వెనక్కి తన్నుతూ ఉంటుంది. ఆ బరువంతా స్టీరింగ్‌ని పట్టుకుని ఉండే లాక్ కడ్డీ మీద పడుతుంది. అది బిగుసుకుంటే తాళం తిరగదు. ఎడమ చేత్తో స్టీరింగ్‌ని అటూ ఇటూ కదిపి చూడండి. ఒక పక్క కొంచెం ఇస్తుంది. అటు నొక్కిపట్టి, కుడి చేత్తో తాళాన్ని మెల్లగా తిప్పండి. బలం స్టీరింగ్ మీదే, తాళం మీద కాదు.

రాకపోవడం సంగతికొస్తే, ఆ వయసు చిన్న కార్లు చాలావాటిలో ఇంజన్ ఆపాక తాళం ఏసీసీ దగ్గర, అంటే ఇంజన్ ఆగినా రేడియోలాంటివి పనిచేసే చోట, ఆగుతుంది. అక్కడ అది రాకూడదు, అలాగే చేశారు. తాళాన్ని కొంచెం లోపలికి నొక్కి, అలా నొక్కుతూనే చివరి లాక్ దాకా తిప్పితేనే వస్తుంది. నిన్న విసుగులో మీ చెయ్యి అదే చేసి ఉంటుంది. ఆటోమేటిక్ బండ్లలో అయితే గేరు పి (పార్కింగ్) లో లేకపోయినా, కొన్నిటిలో బ్యాటరీ పడిపోయినా తాళం వదలదు. మీకు ఆ గొడవ లేదు.

ఇక నూనె. ఆ లాక్ లోపల సన్నని రేకులు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో స్ప్రింగు. తాళం పళ్ళ మీద ఆ రేకులన్నీ సరిగ్గా ఒక మట్టానికి దిగితేనే బ్యారెల్, అంటే తాళం దూరే గుండ్రటి భాగం, తిరుగుతుంది. మీ వైపు బూడిద లారీలు తిరిగే రోడ్డు. ఆ దుమ్ములో నూనె కలిస్తే పేస్టే. పైగా కొబ్బరి నూనె 24 డిగ్రీల కిందకి దిగితే గడ్డకడుతుంది కదా, మీ బాత్రూంలో సీసా చూడండి, తెలుస్తుంది. పొద్దున్నే మొండికేసేది అందుకే అనుకుంటున్నాను. బీరువా ఇంట్లో ఉంటుంది కాబట్టి అత్తయ్యగారి లెక్క అక్కడ తప్పు కాదు.

రెండు సంగతులు చెప్పండి. రెండో తాళం ఉందా, దాంతోనూ ఇంతేనా? ఇదే తాళం డ్రైవర్ డోరులో ఎలా తిరుగుతోంది? డోరులోనూ సతాయిస్తే తప్పు తాళంది. డోరులో బాగుండి ఇక్కడ పట్టేస్తే లాక్‌ది.

అంబారీ ఏనుగు:
పాతకాపు గారూ, చూశాను. డోరులోనూ కష్టంగానే తిరుగుతోంది! ఉన్న రెండు తాళాలూ డూప్లికేట్లే. ఒరిజినల్ ఎప్పుడో పోయిందట. మొదటిది అరిగిన ఒరిజినల్ చూసి కోయించారట, రెండోది మొదటిదాన్ని చూసి.

ఇంకోటి, నవ్వకండి. తాళాల గుత్తిలో గేటుది, బీరువాది, స్కూటీది, పైన కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ. వంటింటి కాటాలో పెడితే 180 గ్రాములు తూగింది.

ఆటోనగర్ పాతకాపు:
ఇంకేం, దొరికింది. అరిగినదానికి నకలు తీస్తే అరుగుదల కూడా నకలు అవుతుంది. దానికి మళ్ళీ నకలు! కారు కొత్తలో తాళాలతో పాటు చిన్న ట్యాగు ఇస్తారు, దాని మీద కోడ్ ఉంటుంది. మీ బాబాయి గారిని వెతకమనండి. ఆ కోడ్‌తో పళ్ళు కోయిస్తే కంపెనీ నుంచి వచ్చిన కొలతే వస్తుంది. తాళంలో చిప్ ఉంటే అది కూడా బండికి కలిపించుకోవాలి. లేకపోతే తాళం తిరుగుతుంది గానీ ఇంజన్ పట్టదు. అప్పటిదాకా లాక్ సెట్ జోలికి వెళ్ళకండి. ఏనుగుని మాత్రం ఈరోజే దించేయండి. బండి ఊగినప్పుడల్లా ఆ బరువు లోపలి రేకుల్నే అరగదీస్తుంది.

బ్రాడీపేట 4వ లైను:
గుంటూరు నుంచి. ఆ ప్లేయర్ సలహా నేను పాటించినవాణ్ణి. మిర్చి యార్డు దగ్గర ఎండలో నిలబడి లాగితే తాళం తల విరిగి చేతికొచ్చింది. ముక్క తీద్దామని స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఇంకా లోపలికి తోశాను. తాళాల మనిషి వచ్చి సన్నని రంపపు బ్లేడుతో పళ్ళ పక్కన తగిలించి లాగితే వచ్చింది. నేను పొడవకుండా ఉంటే పావుగంట పని అన్నాడు.

ఇంకోటి, తాళం ఆన్ లోనో ఏసీసీ లోనో ఇరుక్కుని రాత్రంతా ఉండాల్సి వస్తే 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. నేను తీయలేదు. తెల్లారేసరికి బ్యాటరీ కూడా చచ్చింది.

అంబారీ ఏనుగు:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ట్యాగు దొరికింది! పాత ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు ఎవరిదో పెళ్ళికార్డు కవర్లో ఉంది. కోడ్ చూసి కొత్త తాళం కోశారు, చిప్‌తో కలిపి 1,800 అయింది.

దానికి ముందు ఆటోనగర్‌లో లాక్ కడిగించాను. నెగెటివ్ వైరు తీసి, ఎలక్ట్రికల్ క్లీనర్ స్ప్రే సన్నని గొట్టంతో రెండుసార్లు కొట్టి, పాత తాళం పెట్టి తీసి గుడ్డతో తుడుస్తుంటే కాటుకలాంటి నల్లటి ముద్ద వచ్చింది, కొబ్బరి వాసనతో. ఆరాక గ్రాఫైట్ పొడి కొంచెం ఊదారు. ఇప్పుడు రెండు వేళ్ళతో తిరుగుతోంది.

మెకానిక్‌తో లాక్ సెట్ ఇప్పుడు వద్దని చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు. ఏనుగు టీవీ స్టాండు మీదకి మారింది. ఫాల్స్ మాత్రం ఇంకా కొనలేదు.