పెళ్లికి హెలికాప్టర్ మాట్లాడుతున్నారు, చెకింగ్ అయిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

హాలియా మేనల్లుడు
అందరికీ నమస్తే. వైశాఖంలో మా మేనమామ కొడుకు పెళ్లి. పెళ్లికొడుకును హైదరాబాద్ నుంచి హెలికాప్టర్‌లో దింపాల్సిందేనని మామ పట్టుబట్టి కూర్చున్నాడు. హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మా పొలం ఉంది. యాసంగి వరి కోత అయిపోతే మడి ఖాళీ, అందులో దిగొచ్చని ఏజెంటు చెప్పాడు. వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు, బండి తళతళా మెరుస్తోంది. "సర్వీసింగ్ ఎప్పుడైంది?" అని అడిగితే "అంతా డీజీసీఏ అప్రూవ్డ్ సార్, టెన్షన్ పడకండి" అని ఫోన్ పెట్టేశాడు. మా అమ్మమ్మ కూడా ఎక్కుతానంటోంది, అసలు టెన్షన్ అక్కడే. కారైతే టైర్లు చూస్తాం, బ్రేకు తొక్కి చూస్తాం. దీనికి ఏం చూడాలి? ఏ కాగితాలు అడగాలి?

మిర్యాలగూడ రైస్‌మిల్లు
ఆ డబ్బుతో ఊరందరికీ ఇంకో పూట మటన్ పెట్టొచ్చని మామకు చెప్పు. వినడంటావా? అయితే మన నకిరేకల్ అన్న ఉన్నాడు కదా, బేగంపేటలో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ ఇంజనీర్, ఏఎంఈ అంటారు. అన్నా, ఒకసారి చూడు.

నకిరేకల్ ఏఎంఈ
చూశాను తమ్మీ. డీజీసీఏ అంటే విమానాల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఊరికే "డీజీసీఏ అప్రూవ్డ్" అంటే ఏమీ చెప్పనట్టే. మన దేశంలో రిజిస్టరైన ప్రతి హెలికాప్టర్ మీదా వీటీ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది, అది ఇచ్చేదే డీజీసీఏ. ఆ బండిని కిరాయికి తిప్పొచ్చా, ఈ రోజు ఎగరడానికి అది సరిగ్గా ఉందా అన్నవి వేరే సంగతులు.

మొదట కిరాయి సంగతి. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకోవాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్, అంటే టైమ్‌టేబుల్ లేకుండా అడిగినప్పుడు కిరాయికి తిప్పే అనుమతి ఉండాలి. ఎవరో పెద్దమనిషి సొంతానికి కొనుక్కున్న హెలికాప్టర్‌ను ఏజెంటు మధ్యలో దూరి పెళ్లిళ్లకు తిప్పడం చట్టం ఒప్పుకోదు. జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా పేచీ వస్తుంది. పర్మిట్ ఉన్న ఆపరేటర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏజెంటు పేరు మనకు అనవసరం. ఆపరేటర్ ఎవరు, ఏ వీటీ నంబర్ బండి వస్తుంది, ఈ రెండూ కాగితం మీద రాయించుకో. ఫొటోలో ఒక బండి చూపించి ఆ రోజు ఇంకోటి పంపేవాళ్లు ఉన్నారు.

రెండోది ఎయిర్‌వర్దినెస్ రివ్యూ సర్టిఫికెట్, అంటే బండి ఎగరడానికి తగినట్టుందని పరిశీలించి ఇచ్చే కాగితం. మేం ఏఆర్‌సీ అంటాం. దాని గడువు ఏడాది. పెళ్లి తేదీ ఆ గడువు లోపల పడుతుందో లేదో చూడు. ఇది బండిలోనే ఉండాల్సిన కాగితం, కాపీ పంపమంటే ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు.

మూడోది గంటలు. ఇక్కడే ఎక్కువమందికి తెలియని విషయం ఉంది. హెలికాప్టర్‌కు సర్వీసింగ్ కిలోమీటర్లను బట్టి ఉండదు, ఎగిరిన గంటలను బట్టీ క్యాలెండర్‌ను బట్టీ ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క. చిన్న బండి రాబిన్సన్ ఆర్44 తీసుకో. 100 గంటలకో ఏడాదికో ఒక ఇన్‌స్పెక్షన్, 2,200 గంటలకో 12 ఏళ్లకో పూర్తి ఓవర్‌హాల్. అంటే హ్యాంగర్‌లో కదలకుండా పడున్నా 12 ఏళ్లకు మొత్తం విప్పాల్సిందే. ఎందుకంటే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, గ్రీజు ఎండుతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. బెల్ 407, ఎయిర్‌బస్ హెచ్125 లాంటి వాటికి వాటి కంపెనీ ఇచ్చిన లెక్కలు వేరుగా ఉంటాయి. వీటన్నిటికీ తోడు ఇన్ని గంటలే వాడాలని లైఫ్ ఉన్న భాగాలు కొన్ని ఉంటాయి. ఆ గంటలు నిండాయంటే చూడటానికి కొత్తదానిలా ఉన్నా తీసి పక్కన పెట్టాల్సిందే. కాబట్టి పెయింట్ మెరుపు చూసి మోసపోకు. "నెక్స్ట్ ఇన్‌స్పెక్షన్‌కు ఎన్ని గంటలు మిగిలున్నాయి?" అని అడుగు. నిజంగా బండి నడిపేవాళ్లయితే వెంటనే చెప్తారు. నసిగితే అర్థం చేసుకో.

హాలియా మేనల్లుడు
చాలా థాంక్స్ అన్నా. ఒక డౌట్. కాగితం మీద అన్నీ రాసేసి లోపల ఏమీ చేయకపోతే? మా ఊళ్లో పొల్యూషన్ సర్టిఫికెట్ బండి చూడకుండానే ఇస్తారు.

నకిరేకల్ ఏఎంఈ
అడగాల్సిన మాటే అడిగావు. ఇక్కడ ప్రతి పని కింద ఒక మనిషి సంతకం, లైసెన్స్ నంబర్ ఉంటాయి. టెక్నికల్ లాగ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఫ్లైట్‌లో తేడా కనిపిస్తే పైలట్ దిగాక అందులో రాయాలి. రాశాడంటే ఇంజనీర్ దాన్ని సరిచేసి, ఏం చేశాడో రాసి, సంతకం పెట్టాలి. దాన్నే రిలీజ్ టు సర్వీస్ అంటారు. కంట్రోల్స్‌కు సంబంధించిన పని అయితే ఒకరు చేసినదాన్ని ఇంకొకరు విడిగా చూసి రెండో సంతకం పెడతారు. రేపు ఏమన్నా అయితే మొదట తీసుకెళ్లేది ఈ పుస్తకాలనే. నా సంతకం ఉన్న బండిలో మీ అమ్మమ్మ కూర్చుంటుందంటే నాకు నిద్ర పట్టాలి కదా.

ఒక పని దగ్గరగా చెప్తా, మా పని ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. రోటర్‌ను, అంటే పైన తిరిగే రెక్కలను తిప్పే గేర్‌బాక్స్ ఆయిల్‌లో చిప్ డిటెక్టర్ అని అయస్కాంతం ఉన్న చిన్న ప్లగ్ ఉంటుంది, చిటికెన వేలంత. లోపల పళ్ల చక్రమో బేరింగో అరిగితే ఆ ఇనుప రజను దీనికి అంటుకుంటుంది. ఎక్కువైతే పైలట్ ముందు లైటు వెలుగుతుంది. ప్లగ్ తీసి తెల్లగుడ్డ మీద తుడిచి చూస్తాం. బూడిదరంగు ముద్దలా సన్నగా ఉంటే మామూలు అరుగుదల, తుడిచి రాసుకుని మళ్లీ పెడతాం. రేకులా పలచటి ముక్కలో, సూదిలాంటివో కనిపిస్తే ఇక ఆ రోజు ఆ బండి కదలదు. కింద ఎవరు కాచుకుని కూర్చున్నా, ముహూర్తం దాటిపోతున్నా కదలదు. ఆ ముక్క ఏ భాగం నుంచి వచ్చిందో తేలాలి.

బ్లేడ్లదీ అంతే. రాబిన్సన్ బ్లేడ్ల పైతోలు అతుకు ఊడే ప్రమాదం ఉందని చూడమంటూ ఆదేశాలే ఉన్నాయి. నాణెంతో బ్లేడ్ మీద తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది, అతుకు వదిలినచోట మొద్దుగా మోగుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అట్లాంటిదే.

పాలమూరు సార్
అవన్నీ సరే గానీ బాబూ, పెద్దవాళ్ల హెలికాప్టర్లే మొరాయిస్తుంటే మనకు మంచివి పంపుతారా? 2023 నవంబర్ 6న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా దేవరకద్ర సభకు బయలుదేరితే, మధ్యలో సాంకేతిక లోపమని హెలికాప్టర్ వెనక్కి తిరిగి ఎర్రవల్లిలో దిగింది. ఆ ఎండలో మేం మైదానంలో కూర్చుని ఉన్నాం. ఇంకో హెలికాప్టర్ తెప్పించుకుని వచ్చారు.

నకిరేకల్ ఏఎంఈ
సార్, మీరు దాన్ని లోపం అంటున్నారు. మేమైతే బాగా జరిగిన పని అంటాం. పైలట్ తేడా గమనించాడు, సభ ఆలస్యమవుతుందని ఆలోచించకుండా వెనక్కి తిప్పాడు, భద్రంగా దింపాడు. లోపం రాని యంత్రం ఉండదు. వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే లెక్క.

ఇంకో సంగతి మనందరికీ గుర్తుండేదే. 2009 సెప్టెంబర్ 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి వెళ్లిన బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. రెండు ఇంజన్ల బండి, ఇద్దరు పైలట్లు. కిందికి తోసే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణ కమిటీ తేల్చింది. ఆ నివేదికలోనే ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌మిషన్, అంటే రోటర్ గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే పైలట్లు దాని సంగతి తేల్చడంలో మునిగి, ఎదురుగా ఉన్న వాతావరణం ఎంత ప్రమాదమో మొదట్లో పట్టించుకోలేకపోయారని. మేం కొత్త పిల్లలకు ఇదే చెప్తుంటాం, కింద మనం వదిలేసిన చిన్న లైటు పైన మనిషి కళ్లను కట్టేస్తుందని.

అచ్చంపేట అడవిబిడ్డ
ఆ మబ్బు రోజు మా నల్లమల వాళ్లకు ఇంకా గుర్తే అన్నా. మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ. నీలాగ కావాలంటే బీటెక్ చదవాలా?

నకిరేకల్ ఏఎంఈ
బీటెక్ అవసరం లేదు. డీజీసీఏ గుర్తింపు ఉన్న, అంటే సీఏఆర్-147 అప్రూవల్ ఉన్న సంస్థలో ఏఎంఈ శిక్షణ తీసుకుని, డీజీసీఏ పరీక్షలు రాయాలి. బీ1.3 అంటే టర్బైన్ హెలికాప్టర్లు, బీ1.4 అంటే పిస్టన్ ఇంజన్ హెలికాప్టర్లు. పరీక్షలు పాసైనా, వర్క్‌షాపులో పనిచేసిన అనుభవం లేకుండా లైసెన్స్ చేతికి రాదు. ఫీజు కట్టేముందు ఆ కాలేజీ అప్రూవల్ ఇప్పుడు నడుస్తోందా అని చూడమను, బోర్డు చూసి చేరొద్దు. మిగతాది విడిగా అడుగు, ఇక్కడ పెళ్లి పని ఆగిపోతుంది.

హాలియా మేనల్లుడు
అన్నా, ఆ రోజు బండి దిగాక నా కంటికి కనిపించేవి ఏమన్నా ఉంటాయా? లాగ్ బుక్ తెరవమంటే పైలట్ ఊరుకుంటాడా?

నకిరేకల్ ఏఎంఈ
మర్యాదగా అడిగితే చూపిస్తారు. చూపించకపోయినా కళ్లకు కనిపించేవి ఉంటాయి. రోటర్ దగ్గర నట్ల మీద సన్నటి రంగు గీత నట్టు నుంచి బోల్టు మీదుగా పోతుంది. నట్టు కొంచెం తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. ఇంజన్ ఆపి, రోటర్ పూర్తిగా నిలిచాక, పైలట్ రమ్మంటేనే దగ్గరికి వెళ్లు. నీ అంతట నువ్వు తోకవైపు అస్సలు పోవద్దు, తోక రోటర్ తిరుగుతుంటే కంటికి ఆనదు.

పొద్దున మొదటి ఫ్లైట్‌కు ముందు ఇంధనం కొంచెం గాజు సీసాలోకి తీసి చూస్తారు. నీళ్లుంటే అడుగున వేరుగా నిలుస్తాయి. మీ పొలంలో డ్రమ్ముల నుంచి ఇంధనం నింపుతామని ఎవరన్నా అంటే ఈ పరీక్ష చేశారా అని తప్పక అడుగు. పైలట్ ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి ఒక్కో మూత తట్టి, లాగి చూస్తాడు. ఆ సమయంలో ఫొటోలంటూ ఆయన భుజం మీద చెయ్యి వేయొద్దు. మన పెళ్లిళ్లలో జరిగేది అదే, అందుకే చెప్తున్నా.

ఇక ఎండ. మే నెలలో మన నల్లగొండలో 44 డిగ్రీలు కొత్తేం కాదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రోటర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజన్ కూడా దాని వేడి పరిమితికి తొందరగా చేరుతుంది. పొద్దున ఎనిమిదింటికి నలుగురిని మోసిన బండి మధ్యాహ్నం ఇద్దరినే మోయగలననొచ్చు. ముహూర్తం ఎప్పుడున్నా సరే, దిగడం పొద్దున్నే పెట్టుకోండి. బరువులు అడిగితే నిజం చెప్పండి, ఆడవాళ్ల నగల పెట్టె, స్వీట్ల బుట్టతో సహా. చీకటి పడే వేళకు మాత్రం తిరుగు ప్రయాణం పెట్టొద్దు, ఇలాంటి తాత్కాలిక హెలిప్యాడ్ నుంచి చీకట్లో లేవరు.

నల్లగొండ డెకరేషన్
నేను షామియానాలు, స్టేజీలు వేస్తుంటాను, హెలిప్యాడ్ పనులు కూడా చూశాను. వరి మడి అన్నారు కదా, అసలు తలనొప్పి గడ్డే. హార్వెస్టర్ పోయాక మిగిలిన గడ్డి అంతా ఊడ్చి తీసేయాలి, లేకపోతే బండి దిగేటప్పుడు మొత్తం లేచి రోటర్‌లోకి, ఇంజన్‌లోకి పోతుంది. కాల్చేద్దాం అనుకోవద్దు, మసి ఇంకా ఘోరం. ముందురోజు, ఆ పొద్దున ట్యాంకర్‌తో నీళ్లు చల్లించండి, బురద కాకుండా. మన చల్క దుమ్ముకు నీళ్లే మందు. షామియానా, ఫ్లెక్సీలు, కుర్చీలు దూరంగా ఉండాలి. పూలు చల్లే కార్యక్రమం ఇంజన్ ఆగాకే. పొలం పక్క నుంచి మోటార్ కరెంటు తీగలు పోతుంటే ఆపరేటర్‌కు ముందే ఫొటో పంపండి. పైనుంచి తీగ కనిపించదు, స్తంభాలే కనిపిస్తాయట. కలెక్టరేట్‌లో దరఖాస్తు, పోలీసులకు సమాచారం, ఫైర్ ఇంజన్ కోసం లెటర్, ఇవి ముందుగానే పెట్టుకోవాలి. చివరి వారంలో తిరిగితే ఎవరూ దొరకరు.

నకిరేకల్ ఏఎంఈ
దుమ్ము గురించి ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దుమ్ములో దిగిన బండికి తర్వాత మాకే పని. ఫిల్టర్ తీసి శుభ్రం చేయాలి, ఇంజన్ కంప్రెసర్ కడగాలి, బ్లేడ్ ముందు అంచు ఇసుకకు ఎక్కడన్నా గీసుకుపోయిందా చూడాలి. పద్ధతిగల ఆపరేటర్ స్థలం చూడటానికి ముందే మనిషిని పంపుతాడు. గూగుల్ లొకేషన్ పెట్టండి చాలు అనేవాడితో జాగ్రత్త.

హాలియా మేనల్లుడు
అందరికీ అప్‌డేట్. పాత ఏజెంటును వీటీ నంబర్, గంటలు అడిగా, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. జాబితా చూసి ఇంకో ఆపరేటర్‌కు నేరుగా మెయిల్ పెడితే ఏఆర్‌సీ కాపీ, పర్మిట్ కాపీ పంపారు. మిగిలిన గంటలు కూడా చెప్పారు. పొలం చూడటానికి మనిషి వస్తాడట. రేటు మాత్రం ఎక్కువ, మామ మొహం మాడ్చుకున్నాడు. ఒప్పందంలో ఇంకేమన్నా రాయించుకోవాలా?

నకిరేకల్ ఏఎంఈ
వైశాఖంలో సాయంత్రాలు గాలిదుమారం, అకాల వాన మామూలే కదా. వాతావరణం బాగాలేకో, బండిలో లోపం వచ్చో ఆపరేటరే ఆపేస్తే అడ్వాన్స్ ఎంత వాపస్ ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించుకో. ఎగరాలా వద్దా అన్నది పైలట్ ఇష్టమేనని, ఆయన మీద ఎవరూ ఒత్తిడి పెట్టరని కూడా రాయించి మామతో సంతకం పెట్టించు. పెళ్లికొడుకు కోసం ఒక కారు మాత్రం రెడీగా ఉంచండి.

మిర్యాలగూడ రైస్‌మిల్లు
కారు నాది పంపుతా. మటన్ సంగతి మామకు గుర్తు చెయ్యి.