పేరు చెప్పకపోయినా పాప ఎవరో తెలిసిపోయేలా వార్త వేశారు, ఏం చేయాలి?

మా బంధువుల పాప కేసు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కోర్టులో నడుస్తోంది. ఒక యూట్యూబ్ న్యూస్ ఛానల్ వాళ్లు పాప ముఖం బ్లర్ చేశారు గానీ వీధి, ఇంటి గేటు, స్కూల్ యూనిఫాం అన్నీ స్పష్టంగా చూపించేశారు. చుట్టుపక్కల వాళ్లు ఇట్టే గుర్తుపట్టారు. పాప ఇప్పుడు బడికి వెళ్లనంటోంది.

పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా పేరు, ఫొటోనే కాదు, చిరునామా, స్కూలు, కుటుంబ వివరాలు కూడా మీడియా బయటపెట్టకూడదు కదా. కేసు గురించి అసలు రాయొద్దని మేం అనడం లేదు. మొదట్లో దర్యాప్తు కదిలిందే వార్తల వల్ల. పాప ఆనవాళ్లు తీసేస్తే చాలు.

వీడియో త్వరగా తీయించాలంటే ముందు పోలీసులకు ఫిర్యాదు చేయాలా, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా కోర్టునే అడగాలా? ఇప్పటికే వాట్సాప్‌లో తిరుగుతున్న క్లిప్పుల సంగతేంటి? తెలిసిన లాయర్లు, విలేకరులు దయచేసి చెప్పండి.